పెన్సిలిన్‌ను విరుచు ఎంజైము

పెన్సిలిన్ కథను బూజు పట్టిన గాజుపళ్ళెముతో ఆరంభించి, ప్రాణములు దక్కిన సైనికులతో ముగించుట వాడుక. ఆ కథలోనే 1940 డిసెంబరు 28 అను తేది యొకటి కలదు. దానిని తలంచువారు తక్కువ. మేమీ ప్రసంగమున దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

ఆనాటి 'నేచర్' పత్రికలో ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నస్ట్ చెయిన్ అను ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు చిన్న లేఖ యొకటి ప్రకటించిరి. పెన్సిలిన్ కొన్ని సూక్ష్మజీవులను చంపును. కొన్నింటి నేమియు చేయజాలదు. ఇట్లేల? వారు ప్రేవులలో నివసించు కోలై సూక్ష్మజీవులను యంత్రములో నలిపి, రసము తీసి, పెన్సిలిన్‌తో కలిపి యుంచిరి. పిదప ఆ మందు ఏ సూక్ష్మజీవి పెరుగుదలను ఆపలేకపోయెను.

రసములో ఏదో కలదు, సరే. అది యేమి? 90 డిగ్రీల వేడిలో అయిదు నిమిషములుంచగా దాని శక్తి నశించెను. సెల్లోఫేన్ పొరగుండ అది వెలికి రాలేదు. అనగా పెద్ద అణువన్నమాట. బొప్పాయి పాలనుండి తీయు పపెయిన్‌తో కలుపగా మరల నశించెను. మాంసము త్వరగా ఉడుకుటకు పచ్చిబొప్పాయి ముక్క వేయువారికి ఇందలి కిటుకు సులభముగా బోధపడును. బొప్పాయి పాలు ప్రోటీనును విరుగగొట్టును. కావున ఇది ప్రోటీను, ఎంజైము అని నిశ్చయించి, వారు దానికి 'పెన్సిలినేజ్' అని పేరిడిరి. మా దృష్టిలో ఈ మూడు చిన్న పరీక్షలే ఆ లేఖకు అందము.

తేదీలను గమనింపుడు. ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి ఆక్స్‌ఫర్డులో పెన్సిలిన్ చికిత్స మొదలైనది 1941 ఫిబ్రవరి 12న. మందు రోగిని చేరకమునుపే దానికి విరుగుడు ప్రయోగశాలలో దొరికినది! కోలుకొనుచున్న ఆ రోగి మందు చాలక మార్చి 15న మరణించెను. అందులో ఎంజైము పాత్ర లేదు.

మందు సమృద్ధియైన పిదపనే అసలు చిక్కు బయలుపడెను. 1944లో అమెరికాలో విలియం కర్బీ మందుకు లొంగని స్టాఫిలోకోకస్ రకములనుండి పెన్సిలిన్‌ను నిర్వీర్యము చేయు పదార్థమును తీసెను. లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ లెక్కించి చూడగా, 1946లో నూటికి 14గా నుండిన మొండి స్టాఫిలోకోకస్ రకములు 1948 నాటికి 59 అయ్యెను. లొంగునవి చావగా, ఎంజైము గలవి మిగిలి రోగినుండి రోగికి ప్రాకినవి.

ఎంజైము తెంచునది పెన్సిలిన్‌లోని నాలుగు పరమాణువుల వలయమును. 1943లో ఆ వలయమును ప్రతిపాదించినవాడు అబ్రహామే. దానికి సులభముగా లొంగని సెఫలోస్పోరిన్-సి ని తరువాత న్యూటన్‌తో కలిసి వెలికితీసినవాడును అతడే.

2008లో, న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడను చేరిన యొక రోగియందు, కార్బపెనెమ్‌ల వంటి గట్టి మందులను సైతము విరుచు ఎంజైము కనబడెను. 2009లో దానికి న్యూఢిల్లీ పేరే పెట్టిరి. ఒక ఊరిని రోగమునకు ముడివేయుట మన దేశమున పలువురకు నచ్చలేదు, మాకును నచ్చలేదు. ఇట్టి ఎంజైములను పట్టుటకు 2012లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఒక పరీక్షను ప్రకటించిరి. సూక్ష్మజీవుల రసమును, మందును, ఫినాల్ రెడ్ అను రంగును చిన్న గుంటలో కలుపుదురు. మందు విరిగినచో ఆమ్లము పుట్టి, రెండు గంటలలోపుననే ఎరుపు పసుపుగా మారును.