ఎంపీ-10 కాన్వాయ్: మాటమాటకూ వ్యాఖ్య

రూపం మారే రోబో బొమ్మను సమీక్షించేటప్పుడు కొన్ని మాటలు తప్పక వస్తాయి. వాటి అర్థం తేల్చుకోకుండా వాడితే మెప్పూ విమర్శా రెండూ గురి తప్పుతాయి. 2011లో జపాన్ సంస్థ టకారా టోమీ తెచ్చిన ‘మాస్టర్‌పీస్ ఎంపీ-10 కాన్వాయ్’ను ఎదుట పెట్టుకుని వాటిని వరసగా చూద్దాం.

కాన్వాయ్: ట్రాన్స్‌ఫార్మర్స్ కథలో మంచి రోబోల పక్షమైన ఆటోబాట్ల నాయకుడు. అమెరికాలో ఇతనే ఆప్టిమస్ ప్రైమ్. పేర్లు రెండు, పాత్ర ఒకటి. 1983లో టకారా తన డయాక్లోన్ శ్రేణిలో ‘బాటిల్ కాన్వాయ్’ను తెచ్చింది. దాన్నే 1984లో అమెరికా సంస్థ హాస్‌బ్రో ఆప్టిమస్ ప్రైమ్‌గా అమ్మింది. అనగా, పాత్రకంటే బొమ్మ ముందు పుట్టింది.

మాస్టర్‌పీస్: ఇది ప్రశంస కాదు, 2003లో ఇదే పాత్ర బొమ్మ ఎంపీ-01తో మొదలైన శ్రేణి పేరు. పాత కార్టూన్‌లోని రూపానికి దగ్గరగా, సేకరించే పెద్దలకోసం చేసిన బొమ్మ అని భావం. పెట్టె మీద ఆ మాట ఉన్నంత మాత్రాన నాణ్యత రుజువైనట్టు కాదు.

స్కేల్: అంటే బొమ్మల మధ్య నిష్పత్తి, బొమ్మ ఎత్తు కాదు. ఎంపీ-01 ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, ఎంపీ-10 సుమారు 25. కొత్తది చిన్నదైందని కొందరు నొచ్చుకున్నారు. కానీ తర్వాత వచ్చిన ఎంపీ-12 లాంబోర్ వంటి కారు రోబోలు పక్కన నిలిచినప్పుడే ఆ కొలతలోని ఆంతర్యం తెలుస్తుంది. నాయకుడు వాళ్లకంటే పొడుగరి, అంతేగాని కొండ కాదు.

డై-కాస్ట్: కరిగించిన లోహాన్ని, సాధారణంగా జింకు మిశ్రమాన్ని, ఒత్తిడితో అచ్చులోకి పంపి చేసిన భాగం. ఎంపీ-01లో ఇది ఎక్కువ, ఎంపీ-10లో తక్కువ. బరువే నాణ్యత అనుకోవడం పొరపాటు. లోహం పాదాల్లో ఉంటే నిలకడ ఇస్తుంది. అదే చేతుల్లో ఉంటే భుజం కీలుకు భారమౌతుంది. కాబట్టి ఎంత లోహం అని కాక, ఎక్కడి లోహం అని అడగాలి.

కిబిల్: రోబో రూపంలో పనిలేకుండా ఒంటిమీద మిగిలిపోయిన వాహన భాగం. కనిపించే ప్రతి వాహన భాగమూ కిబిల్ కాదు. ఎంపీ-10 ఛాతీ మీదివి లారీ క్యాబిన్ అద్దాలే. కానీ అవి లేకపోతే ఆ పాత్రే లేదు. పైగా ఛాతీ తెరిస్తే 1986 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో నాయకత్వానికి గుర్తైన మాట్రిక్స్ లోపల ఉంటుంది. విమానంగా మారే 2006 నాటి ఎంపీ-03 స్టార్‌స్క్రీమ్ నడుముకు ఇరువైపులా నిలిచిన విమాన భాగాలు మాత్రం అసలైన కిబిల్. అవి రోబో ఆకృతికి అడ్డం వచ్చాయి.

పార్ట్స్‌ఫార్మింగ్: రూపం మార్చడానికి భాగాన్ని ఊడదీయవలసి రావడం. 1984 బొమ్మకు పిడికిళ్లు విడి ముక్కలు. లారీ చేయాలంటే తీసి దాచుకోవాలి. ఎంపీ-10లో అవి ముంజేతుల్లోకి మడుచుకుంటాయి. తుపాకీ, గొడ్డలి ఈ లెక్కలోకి రావు, అవి ఉపకరణాలు. ట్రైలరూ అంతే. రోబోగా మారేది క్యాబిన్ ఉన్న ముందు బండి మాత్రమే.

రూపాంతరం: రోబో బాగుంది, లారీ బాగుంది అంటే రెండు కొసలను చెప్పినట్టే. రూపాంతరం అంటే ఆ రెంటి మధ్య జరిగే పని. సమీక్షకుడు అందులో మూడు చూడాలి. ఏ మడత తర్వాత ఏ మడతో చేతికి తెలుస్తోందా? పలకకు పలక రాసుకుని రంగు పోతోందా? చివరికి ప్రతి భాగమూ తన గాడిలో బిగుస్తోందా? 2019లో ఇదే పాత్రకు వచ్చిన కొత్త బొమ్మ ఎంపీ-44 కార్టూన్ రూపానికి మరింత చేరువైంది. ఆ పోలిక కోసం పలకలూ మడతలూ పెరిగాయి. అనగా, చూపుకు లాభమైనది చేతికి శ్రమ అయింది. అద్దాల బీరువాలో నిలపడానికి ఎంపీ-44 మేలు. తరచూ చేతుల్లోకి తీసుకుని మార్చుకోవడానికి ఎంపీ-10 మేలు. ఏ అవసరానికి మేలో చెప్పకుండా ఒకదాన్ని గొప్పదనడం సమీక్ష కాదు.