లాంగ్ కోర్స్ ట్రయథ్లాన్: ఇంట్లో ఒకరు దిగితే ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన విషయాలు

ఈత, సైక్లింగ్, పరుగు. ఈ మూడింటినీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి పూర్తి చేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. మధ్యలో గడియారం ఆగదు. నీళ్లలోంచి బయటికొచ్చి హెల్మెట్ పెట్టుకునే టైమ్, షూ మార్చుకునే టైమ్ కూడా లెక్కలోకే వస్తుంది. ఇందులో దూరాలు బాగా ఎక్కువగా ఉండే రకమే లాంగ్ కోర్స్.

ఇందులో దిగేవాళ్లలో ఎక్కువమంది ప్రొఫెషనల్స్ కారు. ఉద్యోగం, దుకాణం, పిల్లల చదువులు చూసుకుంటూ ప్రాక్టీస్ చేసే మామూలు మనుషులు. వీళ్లను వయసుల వారీగా విడదీసి పోటీ పెడతారు కాబట్టి ‘ఏజ్ గ్రూపర్స్’ అంటారు. ఇంట్లో ఎవరైనా "నేను పేరు ఇచ్చాను" అనగానే అమ్మీ అబ్బా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రాణానికి ప్రమాదం లేదు కదా? ఖర్చెంత? నమాజ్, రోజాల సంగతేంటి? వాటికి జవాబులు వరుసగా చూద్దాం.

దూరాలు, పేర్లు

ఫుల్ డిస్టెన్స్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తం 140.6 మైళ్లు. అందులో సరిగ్గా సగం హాఫ్ డిస్టెన్స్: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, 21.1 కిలోమీటర్ల పరుగు. ఇది 70.3 మైళ్లు. అందుకే ‘70.3’ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ‘ఐరన్‌మ్యాన్’ అనేది ఆట పేరు కాదు, పోటీలు నడిపే ఒక సంస్థ బ్రాండ్ పేరు. జర్మనీలోని రోత్ పట్టణంలో జరిగే ‘ఛాలెంజ్ రోత్’ లాంటి వేరే బ్రాండ్ల పోటీల్లోనూ ఫుల్ డిస్టెన్స్ ఉంటుంది.

ఇది మొదలైంది 1978 ఫిబ్రవరిలో, హవాయి దీవుల్లోని ఒవాహులో. అమెరికా నేవీ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ కలిసి ఆలోచన చేశారు. అక్కడ అప్పటికే ఉన్న సముద్రపు ఈత పోటీ, దీవి చుట్టూ సైకిల్ రేసు, హోనొలులు మారథాన్, ఈ మూడింటినీ ఒకే రోజుకి కలిపేశారు. 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తి చేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కి పట్టిన సమయం 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు.

మన దేశంలో 70.3 పోటీ 2019 అక్టోబర్‌లో గోవాలో మొదలైంది. పణజిలోని మిరామార్ బీచ్ దగ్గర అరేబియా సముద్రంలో ఈత. కరోనా వల్ల మధ్యలో ఆగి, 2022లో మళ్లీ జరిగింది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు బహ్రెయిన్, ఒమన్ కూడా తెలిసిన పేర్లే. అక్కడా 70.3 పోటీలు జరిగాయి.

గడువు లెక్క

ప్రతి భాగానికీ ఒక గడువు ఉంటుంది. దాన్ని కటాఫ్ అంటారు. 70.3లో సాధారణంగా ఈతకు 1 గంట 10 నిమిషాలు, ఈత, సైకిల్ కలిపి 5 గంటల 30 నిమిషాలు, మొత్తం పోటీకి 8 గంటల 30 నిమిషాలు. ఫుల్ డిస్టెన్స్‌కి మొత్తం గడువు సాధారణంగా 17 గంటలు. పోటీని బట్టి కొంచెం మారుతుంటుంది కాబట్టి ఆ పోటీ అథ్లెట్ గైడ్ చూసుకోవాలి.

ఈ గడువులను వేగంలోకి మార్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఈతలో ప్రతి 100 మీటర్లకు సుమారు 3 నిమిషాల 40 సెకన్లు మించకూడదు. ఈతకే గడువంతా వాడేసి, బట్టలు మార్చుకోవడానికి 10 నిమిషాలు తీసుకుంటే, 90 కిలోమీటర్ల సైకిల్‌కు మిగిలేది 4 గంటల 10 నిమిషాలు. అంటే గంటకు 21.6 కిలోమీటర్ల సగటు. ఆ తర్వాత ఎండలో, కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున 21 కిలోమీటర్ల పరుగు. విడివిడిగా ఏదీ అసాధ్యం కాదు. మూడూ కలిపినప్పుడే కష్టం.

ప్రాణానికి ప్రమాదమా?

ఇంటివాళ్ల భయంలో కొంత నిజముంది. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయథ్లాన్‌లను పరిశీలించిన ఒక అధ్యయనం 2017లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో వచ్చింది. ఆకస్మిక మరణాలు, గుండె ఆగి బతికి బయటపడిన కేసులు, యాక్సిడెంట్ మరణాలు కలిపి 135 తేలాయి. పాల్గొన్నవాళ్లలో ప్రతి లక్షమందికి 1.74 అన్నమాట. వీటిలో 90 ఈతలోనే జరిగాయి. బాధితుల్లో 85 శాతం మగవాళ్లు, సగటు వయసు దాదాపు 47. పోస్ట్‌మార్టం వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి గుండె, రక్తనాళాల సమస్య ఉన్నట్టు తేలింది.

అంటే ముప్పు తక్కువే, కానీ అది ఎక్కడుందో, ఎవరికి ఎక్కువో కూడా తెలుస్తోంది. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, సిగరెట్ అలవాటున్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు ఫీజు కట్టకముందే కార్డియాలజిస్టును కలవాలి. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టుల్లో ఏవి అవసరమో ఆయనే చెప్తారు. ప్రాక్టీస్‌లో ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే "అసిడిటీ అయ్యుంటుంది" అని సరిపెట్టుకోకూడదు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. దాహం లేకపోయినా మంచినీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. వాంతులు, తలనొప్పి, మగతతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. గంటల తరబడి సాగే పోటీలో నీళ్లతోపాటు ఉప్పు కూడా అందాలి. దాహాన్ని బట్టే తాగాలి.

ముందు ఈత రావాలి

మన దగ్గర పరుగు, సైకిల్ చాలామందికి వస్తాయి, ఈత రాదు. కాబట్టి లెక్క ఈత నుంచే మొదలుపెట్టాలి. 1.9 కిలోమీటర్లంటే 50 మీటర్ల పూల్‌లో 38 పొడవులు, 25 మీటర్ల పూల్‌లో 76. అది ఆగకుండా చెయ్యగలిగాకే సముద్రం మాట. సముద్రంలో అడుగు కనిపించదు, పట్టుకోడానికి గోడ ఉండదు, పక్కవాళ్ల కాళ్లు చేతులు తగులుతాయి. బాగా ఈదేవాళ్లకు కూడా మొదటి కొన్ని నిమిషాలు ఊపిరి ఆడనట్టు అవుతుంది. అప్పుడు వెల్లకిలా తిరిగి తేలాలి, చెయ్యెత్తి కయాక్‌ను పిలవాలి. కయాక్ పట్టుకుని ఆగినా, దాని సాయంతో ముందుకు కదలనంతవరకు పోటీ నుంచి తీసెయ్యరు. చెరువులో, సముద్రంలో ఒంటరిగా ప్రాక్టీస్ చెయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎవరి గంటలు ఖర్చవుతున్నాయి?

ఇప్పటికే పరిగెత్తే అలవాటు, ఈత వచ్చినవాళ్లకు 70.3 కోసం 5, 6 నెలలు, వారానికి 8 నుంచి 10 గంటలు అవసరం. ఫుల్ డిస్టెన్స్‌కి ఇంకా ఎక్కువ. వారానికి ఉన్నవి 168 గంటలు. నిద్రకు 56, ఉద్యోగం, రాకపోకలకు 60 తీసేస్తే 52 మిగులుతాయి. నమాజ్, భోజనాలు, పిల్లలు, బజారు, చుట్టాలు, అన్నీ ఆ 52లోనే. అందులో 10 గంటలు ఒకరు తీసుకుంటే, ఆ పని ఇంకొకరి మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఆ ఇంకొకరు భార్య, లేకపోతే అమ్మీ.

అందుకే ఈ లెక్క ఫీజు కట్టాక కాదు, ముందే ఇంట్లో అందరి ఎదుట వెయ్యాలి. ఆదివారం పొద్దున 4 గంటల సైక్లింగ్ ఉంటే, ఆ పూట పిల్లల్ని ఎవరు చూస్తారు? బదులుగా ఏ పూట వాళ్లకు వదిలేస్తారు? ఫజర్ తర్వాత వెంటనే మొదలుపెడితే ఇంటివాళ్ల సమయం తక్కువ పోతుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023లో తెరిచారు. వాహనాల భయం లేకుండా దూరాలు తొక్కొచ్చు. వారానికోసారి సైకిల్ దిగగానే కొద్దిసేపు పరిగెత్తాలి. దీన్ని బ్రిక్ సెషన్ అంటారు. సైకిల్ తర్వాత కాళ్లు ఎంత బరువెక్కుతాయో అప్పుడే తెలుస్తుంది.

రోజా, నమాజ్

హిజ్రీ సంవత్సరం ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి క్యాలెండర్ ముందే చూసుకుని పోటీ ఎంచుకోవాలి. రంజాన్‌లో, ఈద్ అయిన మొదటి వారాల్లో పోటీ పెట్టుకోకపోవడమే తెలివైన పని. రోజాలో ప్రాక్టీస్ పూర్తిగా ఆపక్కర్లేదు, తగ్గిస్తే చాలు. ఇఫ్తార్‌కు ముందు అరగంట తేలికపాటి నడక లేదా పరుగు, కష్టమైనది ఏదైనా ఇఫ్తార్ తర్వాత. ఈతలో నీళ్లు గొంతులోకి పోయే వీలుంది కాబట్టి దాన్ని రాత్రికి మార్చుకోవడం మేలు. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా రోజాలో వ్యాయామం చెయ్యొద్దు.

సైకిళ్లు పెట్టే ట్రాన్సిషన్ ఏరియాను పోటీ రోజు చీకటితోనే తెరుస్తారు. ఫజర్ అక్కడే చదవాల్సి వస్తే చిన్న జానమాజ్, వుజూ నీళ్లు బ్యాగులో ఉంచుకోవాలి. జొహర్ వేళ పరుగు మధ్యలో వస్తుంది. ఎవరికీ అడ్డం కాకుండా కోర్సులోనే పక్కన ఆగి చదువుకుంటే పోయేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలు ముందే లెక్కలో వేసుకోండి. ప్రయాణంలో నమాజ్ కలిపి చదవడం గురించి మీ ఆలిమ్‌ను బయల్దేరకముందే అడగండి. పోటీ ఆదివారమైతే కిట్ తీసుకునే పని శుక్రవారం పడొచ్చు, జుమా టైమ్ చూసుకుని వెళ్లండి.

దుస్తులు, తిండి

పరదా పాటించే అమ్మాయిలకు ఇది దారి మూసుకుపోయిన ఆట కాదు. ఇరాన్‌కు చెందిన షిరిన్ గెరామి 2013లో లండన్‌లో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో తలా ఒళ్లూ కప్పుకునే పాల్గొన్నారు. ఇరాన్ తరఫున ట్రయథ్లాన్‌లో దిగిన తొలి మహిళ ఆమే. 2016లో హవాయిలోని కోనాలో ఐరన్‌మ్యాన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ కూడా పూర్తి చేశారు. అయితే ఈత దుస్తుల బట్ట, పొడవు విషయంలో నిబంధనలు ఉంటాయి. ఏం వేసుకుంటారో ఫొటోతో సహా నిర్వాహకులకు ఈమెయిల్ రాసి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బట్టలు మార్చుకునే టెంట్ ఆడవాళ్లకు విడిగా ఉందో లేదో అదే ఈమెయిల్‌లో అడగండి.

తిండి దగ్గర గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అందాలన్నది సాధారణ లెక్క. మార్కెట్లో దొరికే ఎనర్జీ జెల్స్ చాలావరకు పిండి, చక్కెర పదార్థాలతో తయారవుతాయి. చూడాల్సింది నమిలే గమ్మీలు, సాల్ట్ క్యాప్సూల్స్. వీటిలో జెలటిన్ ఉండొచ్చు. లేబుల్ చదవండి. ఖర్జూరం, అరటిపండు, ఉప్పు వేసిన నిమ్మరసం కూడా పనికొస్తాయి. కానీ ప్రాక్టీస్‌లో కడుపుకు పడ్డదే పోటీ రోజు తినాలి.

ఖర్చు

ఖర్చును రెండుగా రాసుకోండి. ఒకసారి పెట్టేది: రోడ్ సైకిల్, హెల్మెట్, గాగుల్స్, లైట్లు. పదేపదే అయ్యేది: పూల్ ఫీజు, షూ, టైర్లు, సర్వీసింగ్, తిండి. వీటికి తోడు పోటీ ఫీజు, ప్రయాణం, సైకిల్ ప్యాకింగ్, రెండు మూడు రాత్రుల బస. అన్నిటికంటే పెద్దది సైకిల్. మొదటి పోటీకి ఒంటికి సరిపోయే సెకండ్ హ్యాండ్ రోడ్ సైకిల్ చాలు. వడ్డీ ఈఎంఐ మీద ఖరీదైనది కొనక్కర్లేదు. ఫీజు వెనక్కిస్తారా, తర్వాతి ఏడాదికి మారుస్తారా అన్నది కట్టకముందే చదవండి. ఇన్సూరెన్స్ పాలసీలో ఇలాంటి పోటీలకు మినహాయింపు ఉందేమో కూడా చూడండి.

పోటీ రోజు ఇంటివాళ్లు

మీరు ప్రేమతో చేసే సాయమే వాళ్లకు శిక్ష తెచ్చిపెట్టొచ్చు. బయటివాళ్లు నీళ్లు, తిండి అందించకూడదు, పక్కన పరిగెత్తకూడదు. పిల్లల్ని చేయి పట్టుకుని ఫినిష్ లైన్ దాటించడాన్ని కూడా ఐరన్‌మ్యాన్ పోటీల్లో ఒప్పుకోరు. ఫోన్ ట్రాకర్‌లో పేరు కదలకపోతే కంగారుపడకండి, తర్వాతి టైమింగ్ మ్యాట్ దాటితేనే అది మారుతుంది. చాలాసేపు మారకపోతే ఇన్ఫర్మేషన్ డెస్క్‌లో బిబ్ నంబర్ చెప్పి అడగండి. అందుకే ఆ నంబర్ ముందే రాసి దగ్గర పెట్టుకోండి.

గడువు దాటితే ఫలితాల్లో ‘డీఎన్ఎఫ్’ అని పడుతుంది, అంటే పూర్తి చెయ్యలేదని. అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఒంట్లో బాగోక మధ్యలో ఆగిన మనిషి సరైన పనే చేశాడు. ఇంటికొచ్చాక ఆ మాట మొదట అనాల్సింది ఇంటివాళ్లే.

చివరిగా, ఇంట్లో ఎవరైనా ఈ పోటీకి పేరు ఇస్తానంటే వద్దనకముందు, సరే అనకముందు మూడు అడగండి. గుండె పరీక్ష రిపోర్టు ఏది? ఆగకుండా 1.9 కిలోమీటర్లు ఈదగలవా? వారానికి ఆ 10 గంటలు ఎవరివి? మూడింటికీ నిజాయితీగా జవాబు ఉంటే, ఇన్షా అల్లాహ్, దుఆ చేసి పంపించండి.