అండమాన్ పిల్లలకి దేశం పాఠం

మన సంచికలో ఏటా పెద్దలు యుద్ధాల గురించి, పెన్షన్ ఆర్డర్ల గురించి రాస్తూనే ఉన్నారు. ఈసారి నేను చిన్నపిల్లల గురించి రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఇంటర్మీడియట్ పూర్తి చేసి సైన్యంలో చేరాను, సుబేదారుగా రిటైర్ అయ్యాను. చివరి పోస్టింగు ఈ దీవుల్లోనే పడింది, తర్వాత ఇక్కడే ఉండిపోయాను. ఆరేడు సంవత్సరాల నుంచి ఆదివారం పొద్దున మన తెలుగు కుటుంబాల పిల్లలకి దేశం గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతున్నాను. అందరూ ఆరు నుంచి పదకొండేళ్ళ లోపు వాళ్ళే. కొందరి నాన్నలు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డుల్లో ఉన్నారు. కొందరి తాతలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకో, కూలి పనికో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 2011 జనగణనలో ఈ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 13 శాతం పైచిలుకు. ఏడెనిమిది మందిలో ఒకరు మనవాళ్ళేనన్నమాట.

సర్వీసు పిల్లలకి ఒక చిక్కు ఉంది. పుట్టింది ఝాన్సీలో, ఎల్‌కేజీ జోర్హాట్‌లో, రెండో తరగతి సికింద్రాబాదులో, ఇప్పుడు ఇక్కడ. "మీదే ఊరమ్మా?" అని అడిగితే అమ్మ మొహం చూస్తారు. ఇక్కడే పుట్టిన పిల్లలేమో శ్రీకాకుళం అని టక్కున చెప్తారు గాని, దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. ఓడ మీద మూడు రోజుల దారి మరి. వీళ్ళందరికీ బడిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. హరప్పా, పాటలీపుత్రం, ఢిల్లీ అన్నీ బాగానే చదువుతారు. పరీక్ష రాస్తారు, మర్చిపోతారు. నాకు తోచింది ఏమిటంటే, చిన్నపిల్లలకి దేశాన్ని కాళ్ళ కింద ఉన్న నేలతో మొదలుపెట్టాలి. ఢిల్లీకి మెల్లగా వెళ్ళొచ్చు, అది ఎక్కడికీ పోదు.

ఇక్కడి నేల అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది సెల్యులార్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ సైకిలు చక్రం పుల్లల్లాగా ఏడు రెక్కలు, మూడేసి అంతస్తులు, దాదాపు ఏడు వందల గదులు. ఒక గదిలో ఉన్నవాడికి ఎదుటి రెక్కలోని గదుల వెనక గోడ తప్ప మనిషి మొహం కనపడకుండా కట్టారు. "చిన్నపిల్లలకి ఉరి గురించి, కొరడా దెబ్బల గురించి చెప్పకండి అన్నగారూ, రాత్రి నిద్రపోరు" అని తల్లులు అంటారు. వాళ్ళ మాట సబబే. అందుకని నేను దెబ్బల జోలికి పోను. నేల మీద సుద్దముక్కతో పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గీత గీస్తాను. అదే ఒక గది. అందులో ఒక్కడివే నిలబడు, ఎవరితోనూ మాట్లాడకు, నేను లెక్కపెడతాను అంటాను. వంద లెక్కపెట్టేలోపే ఎంత అల్లరి పిల్లవాడైనా బయటికి వచ్చేస్తాడు. గానుగ తిప్పి రోజుకి ముప్ఫై పౌన్ల కొబ్బరినూనె తీయాలని ఖైదీలకి లెక్క ఉండేది. పదిహేను లీటరు సీసాలు వరసగా పెట్టి చూపిస్తే ఆ లెక్క వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. బ్రిటిష్‌వాళ్ళు పడగొట్టారని చెప్తే వాళ్ళకి నచ్చుతుంది గాని అది నిజం కాదు. కొన్ని జపాన్‌వాళ్ళ కాలంలో పోయాయి. మరికొన్నిటిని స్వతంత్రం వచ్చాక మన సర్కారే కూల్చింది. ఆ ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. అప్పుడు, ఇక్కడ శిక్ష అనుభవించి బతికి బయటపడ్డ పాత ఖైదీలు అభ్యంతరం చెప్పారు. మిగిలినవాటిని పడగొట్టొద్దని అడిగారు. వాళ్ళు అడగబట్టే మూడు రెక్కలు, గోపురం మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ గారు దాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ప్రభుత్వం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. మన ప్రభుత్వమే అయినా పొరపాటు చేస్తుంది, జనం అడిగితే వింటుంది, అడగాలి. పిల్లల్లో ఎవరి జ్వరానికో మందు తెచ్చుకునేది కూడా ఆ ఆసుపత్రిలోనే కాబట్టి, ఆసుపత్రి వద్దని చెప్పడానికీ లేదు. రెండూ కావాల్సినవే. ఈ మాట మీద పిల్లలు బాగా వాదించుకుంటారు, నేను మధ్యలో దూరను.

అదే జైల్లో ఒక బడి కూడా నడిచింది. 1933 మే నెలలో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకి దిగారు. వాళ్ళు అడిగినవి మంచి తిండి, గదిలో దీపం, చదువుకోడానికి పుస్తకాలు, పత్రికలు. బలవంతంగా గొట్టంతో పాలు పోయబోతే ముగ్గురు ప్రాణాలు వదిలారు: భగత్‌సింగ్ సహచరుడు మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర. ఆ తర్వాతే పుస్తకాలు వచ్చాయి. ఖైదీలు ఒకరికొకరు చరిత్ర, రాజకీయం, అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకున్నారు. హోంవర్కు అంటే ఏడుపు మొహం పెట్టే పిల్లలకి నేను ఈ సంగతి చెప్తాను. ఫలితం ఎంత ఉందో వాళ్ళ అమ్మలే చెప్పాలి.

ఇక్కడ మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది ప్రతి సంవత్సరం వచ్చే ప్రశ్న. ఉన్నారు. 1879లో రంప పితూరీ లేచినప్పుడు పట్టుబడ్డ చాలామందిని ద్వీపాంతరం పంపించారు. మళ్ళీ 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు గారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా మూడు రోజులు దాడి చేశారు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపాక, ఆయన వెంట నడిచిన మన్యంవాళ్ళలో కొందరు ఈ జైలుకి వచ్చారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి గారు 1930లలో ఇక్కడే ఉన్నారు. సీతారామరాజు గారి సినిమా చూడని తెలుగు పిల్లలు ఉండరు. కాని ఆయన మనుషులు సముద్రం దాటి తమ ఇంటికి రెండు మైళ్ళ దూరంలో బతికారని తెలిసినప్పుడు వాళ్ళ కళ్ళు చూడాలి.

జైలు కట్టకముందు ఇక్కడ ఎవరున్నారని ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న. 1858 మార్చిలో మొదటి ఖైదీల ఓడ వచ్చేనాటికి ఈ అడవుల్లో అండమానీ జాతివాళ్ళు వేలల్లో ఉన్నారు. 1859 మే 17న విల్లంబులతో తెల్లవాళ్ళ తుపాకుల మీదికి వెళ్ళారు. దాన్నే అబర్దీన్ యుద్ధం అంటారు. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ పారిపోయి కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, చివరికి వచ్చి దొరలకి కబురు చెప్పేశాడు. దాంతో అండమానీలు ఓడిపోయారు. తర్వాత తట్టు లాంటి రోగాలు వాళ్ళని తుడిచిపెట్టాయి. 2011 జనగణనలో గ్రేట్ అండమానీలు 44 మంది. "మరి వాళ్ళవి పుస్తకంలో ఎందుకు లేవు?" అన్నాడు ఇంకొకడు. వాళ్ళ వైపు నుంచి రాసినవాళ్ళు లేరు నాన్నా అన్నాను. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

జపాన్‌వాళ్ళ మూడున్నరేళ్ళ కాలం చెప్పడం అన్నిటికన్నా కష్టం. 1942 మార్చి 23న వాళ్ళు దిగారు, 1945 అక్టోబరు దాకా ఉన్నారు. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడ త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఆజాద్ హింద్ సర్కారు తరఫున ఈ దీవులకి షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఇది పిల్లలందరికీ వచ్చు, స్టేజీ మీద పాత్రలు వేస్తారు, పెద్దలు చప్పట్లు కొడతారు. అయితే ఆ జెండా ఎగిరిన రోజున డాక్టర్ దివాన్ సింగ్ అనే వైద్యుడు, పంజాబీ కవి, జపాన్‌వాళ్ళ చేతికి చిక్కి అదే సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పడుతున్నాడు. 1944 జనవరి 14న చనిపోయాడు. జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మంది మనవాళ్ళని గూఢచారులని చెప్పి జపాన్‌వాళ్ళు కాల్చి చంపారు. జెండా ఎగిరి సరిగ్గా నెల. అక్కడ బలిదాన్ వేది అని స్మారకం ఉంది, టూరిస్టు బస్సులు అక్కడ పెద్దగా ఆగవు. నేతాజీ గొప్పతనం చెప్పాలంటే ఇది దాచాలి అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. అధికారం మొత్తం జపాన్‌వాళ్ళ గుప్పిట్లో ఉంది, ఆయన నియమించిన కల్నల్ లోగనాథన్ చేతిలో నిజమైన పట్టు లేదు. ఇది పదేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది. ఆరేళ్ళవాళ్ళకి మాత్రం జెండా వరకే చెప్తాను.

ఇక ప్రభుత్వం సంగతి. ప్రధానమంత్రి ఎవరంటే అందరూ చెయ్యెత్తుతారు. మీ పంచాయతీ ప్రధాన్ ఎవరంటే ఒక్కరూ ఎత్తరు. ఇక్కడ సర్పంచిని ప్రధాన్ అంటారు. ఈ దీవులకి శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. లెఫ్టినెంట్ గవర్నర్ ఉంటారు, ఒక్క ఎంపీ ఉంటారు. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రోజునే, ఇది కేంద్రపాలిత ప్రాంతం అయింది. దేశమంతా 1951-52లో ఓటు వేసింది కదా, ఇక్కడివాళ్ళు మాత్రం వెయ్యలేదు. మొదటి లోక్‌సభకి రాష్ట్రపతి గారే కార్ నికోబార్‌కి చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ని నామినేట్ చేశారు. ఇక్కడి జనం తమ ఓటుతో ఎంపీని ఎన్నుకున్నది 1967లో. పదిహేనేళ్ళు ఆగారు. నికోబార్‌లో పంచాయతీలు ఉండవు. ఊరికో కెప్టెన్, పైన గిరిజన మండలి. కెప్టెన్ అనగానే మన పిల్లలు భుజం మీద మూడు నక్షత్రాలు ఊహించుకుంటారు, అది వేరు ఇది వేరు అని చెప్పడానికి పావుగంట పడుతుంది. మొన్న పిల్లలు క్లాసులో మంచినీళ్ళ కుళాయి గురించి ఒక అర్జీ రాశారు. ఎవరికి పంపాలి అన్నదాని మీదే అసలు పాఠం అంతా జరిగింది. రాష్ట్రపతికి పంపుదామన్నవాడు కూడా ఉన్నాడు.

2023 జనవరి 23న పేరులేని 21 దీవులకి పరమ వీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. పిల్లలు ఆ 21 పేర్లు పద్యంలా వల్లిస్తారు. నేను మటుకు ఒక్కొక్కరికి ఒక్కొక్క వీరుణ్ణి అప్పజెప్పి, ఆయన ఊరు, ఇల్లు, చేసిన పని తెలుసుకురమ్మంటాను. నేను కూడా జేసీవోనే కాబట్టి, 1962లో బుమ్ లా దగ్గర పోరాడిన సుబేదార్ జోగీందర్ సింగ్ గురించి, 1987లో సియాచిన్‌లో శత్రువు పోస్టు పట్టిన నాయబ్ సుబేదార్ బానా సింగ్ గురించి చెప్పేటప్పుడు కాస్త టైం ఎక్కువే తీసుకుంటాను. మన్నించాలి.

ఆ జాబితా అంతా చూసి ఒక అబ్బాయి, "తాతగారూ, ఇందులో మన తెలుగువాళ్ళు ఒక్కరూ లేరేంటి?" అన్నాడు. లేరు, నిజమే. అప్పుడు లెఫ్టినెంట్ కల్నల్ తారాపూర్ గారి కథ చెప్పాను. ఆయన పార్సీ. బొంబాయిలో పుట్టారు. మన హైదరాబాదు సంస్థానం సైన్యంలో చేరి అక్కడే అధికారి అయ్యారు. తర్వాత పూనా హార్స్ రెజిమెంటుకి వెళ్ళి, 1965 సెప్టెంబరులో సియాల్‌కోట్ వైపు టాంకుల యుద్ధంలో దాన్ని నడిపిస్తూ ప్రాణం ఇచ్చారు. ఇప్పుడు ఆయన పేరు మీద దీవి ఉన్నది అండమాన్‌లో. ఆయన ఎవరివాడో మీరే తేల్చండి అన్నాను. హైదరాబాదువాడని కొందరు, బొంబాయివాడని కొందరు, అండమాన్‌వాడే అని ఇక్కడ పుట్టిన పిల్లలు. అరగంట గోల.

ఈ నెల లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా వంతు వచ్చింది. 1971 డిసెంబరు 3న గంగాసాగర్ దగ్గర చనిపోయిన వీరుడు, జార్ఖండ్‌లోని గుమ్లా వైపు ఉరావ్ గిరిజనుడు. ఆయన్ని తీసుకున్న పాపకి తొమ్మిదేళ్ళు. ఈ దీవుల్లో అడవి పనులకని 1918 నుంచి రప్పించిన ఛోటానాగ్‌పూర్ కూలీల సంతతి చాలామంది ఉన్నారు, ఇక్కడ వాళ్ళని రాంచీవాళ్ళంటారు. ఆ పాప బడి స్నేహితురాలు రాంచీవాళ్ళ పిల్ల. వాళ్ళ నానమ్మ మాట్లాడే భాషే ఎక్కా గారి ఇంట్లో మాట్లాడేవారట. వచ్చే ఆదివారం స్నేహితురాల్ని క్లాసుకి తీసుకొస్తానంది మన పాప. ఆ అమ్మాయికి తెలుగు రాదు కదమ్మా అంటే, "అయితే నేను హిందీలో చెప్తా, మీరు వీళ్ళకి తెలుగులో చెప్పండి" అంది.