ఇంటి పంట నుండి అంగడి పంటకు: సిరొంచా సీమ సేద్యపు చరిత్ర

ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి నదులు మూడు ప్రక్కల కాచిన సీమ సిరొంచా. ఈ తాలూకాలో అడవుల నడుమ వెలసిన గ్రామం జింగనూర్. తెలుగు, మరాఠీ, మాడియా భాషలు కలగలిసిన ఈ ప్రాంతపు సేద్యానికి గల చరిత్ర నేటి విద్యార్థులు తెలుసుకొనదగినది.

పూర్వం సేద్యమనగా ఇంటి గాదె నింపుకొనుటే. చెరువు క్రింద వరి, మెట్టలో జొన్న, అడవి అంచున పోడు కొట్టి చల్లిన చిరుధాన్యాలు, వీటికి తోడు విప్పపూవు. ఇల్లు గడవగా మిగిలినది ఉప్పుకు, బట్టకు మారకమయ్యేది.

1860లో నిజాం ప్రభువు ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించగా, ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచా ముఖ్యపట్టణమయింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం రేగి, లాంకషైరు మిల్లులకు దూది కరువైంది. వెంటనే వారి దృష్టి బీరారు నల్లరేగడి పత్తిపై పడింది. ఆ పత్తిని పడవలపై సముద్రతీరానికి చేర్చవలెనన్నది ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ దొర సంకల్పం. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి వద్ద దారికి అడ్డుగా నిలిచిన రాతి పరుపులను దాటించుటకు పనులు చేపట్టారు.

అయితే 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. 1867లో నాగపూరుకు రైలు వచ్చింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో నదీమార్గపు పనులు నిలిచిపోయాయి. 1874లో జిల్లాయే రద్దయి, సిరొంచా చాందా జిల్లాలో కలిసింది. ఎక్కడో సముద్రాల ఆవల జరిగిన యుద్ధం ఇక్కడి నదిలో పనులకు ఊపునిచ్చింది. అంగడి పంట స్వభావమే అది. విత్తు మన చేతిలో ఉంటుంది, వెల పరుల చేతిలో ఉంటుంది.

1960లో మహారాష్ట్ర ఏర్పడినది. 1982లో గడ్చిరోలి జిల్లా అవతరించింది. క్రమంగా నదీతీరపు భూములలో మిరప, పత్తి విస్తరించాయి. ఇక్కడి మిరప వరంగల్ ఏనుమాముల మార్కెట్టు వరకు వెళ్ళుతున్నది. ఆ రాబడితో పెంకుటిళ్ళు లేచాయి, పిల్లలు పట్నాలలో చదువుకున్నారు. ఇది కాదనలేని మేలు.

కాని విత్తనము, ఎరువు, పురుగుమందు అన్నీ కొనుగోలు సరుకులే. 1997-98లో పురుగు సోకి పంట పోగా, అప్పుల పాలైన వరంగల్ జిల్లా పత్తి రైతులు పలువురు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదాన్ని నది కీవలి ఒడ్డు కూడ మరువరాదు. ఎర్ర మిరప ఎంత పండినా దానితో కడుపు నిండదు. గాదె ఖాళీ అయిన ఇంట ధర పడిన నాడు బియ్యం సైతం అప్పుపైనే రావలె.

కావున అంగడి పంటను విడువనక్కరలేదు, ఇంటి పంటను మరువనూ రాదు. ఒక మడి తిండికి, ఒక చెలక అమ్మకానికి అన్న పెద్దల పద్ధతి నేటికీ శిరోధార్యమే. తూకము, ధర, వడ్డీ లెక్క కట్టగల బిడ్డ ఇంట నుండుట రైతుకు కొండంత అండ. ఆ లెక్క నేర్పవలసిన చోటు బడియే.