చిన్న రైలు ఛాయాచిత్రాలు: నౌపడ – గుణుపురం మార్గం

పర్లాకిమిడి తెలుగువారి చరిత్రకు ఆధారాలు ఏమిటని అడిగితే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి సంస్థానపు కాగితాలు, గిడుగు రామమూర్తి పంతులుగారి రచనలు, 1936 నాటి సరిహద్దు వివాదంలో ఇరుపక్షాలవారు పెట్టుకున్న విజ్ఞప్తులు. ఛాయాచిత్రాలను ఈ వరుసలో చేర్చే అలవాటు మనకింకా రాలేదు. ఫొటో అంటే వ్యాసం మధ్యలో అలంకారంగా వేసుకునేదన్న భావమే మన పరిశోధకులలో బలంగా ఉన్నది. ఈ వ్యాసంలో మేము తూర్పు కనుమల పాదాన నౌపడ నుండి గుణుపురం వరకు శతాబ్దానికి పైగా నడిచిన చిన్న రైలు ఫొటోలను తీసుకొని, వాటిని ఆధారాలుగా ఎట్లా చదవవచ్చునో పరిశీలించదలచాము.

మార్గం సంగతి ముందు చెప్పుకోవాలి. 1893–1896 మధ్య బెజవాడ నుండి కటకం దాకా తీరం వెంబడి పెద్ద రైలుమార్గం పడింది. అది నౌపడ మీదుగా పోయింది కాని సంస్థానపు రాజధాని పర్లాకిమిడి ఆ దారికి సుమారు 40 కిలోమీటర్ల లోపల, కొండల అంచున మిగిలిపోయింది. అప్పటి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ సొంత ఖర్చుతో ఒక తేలికపాటి రైలుమార్గం వేయించ సంకల్పించారు. 1898లో పని మొదలైంది. సుమారు ఏడు లక్షల రూపాయలు ఖర్చయినట్లు చెబుతారు. 1900 ఏప్రిల్ 1న రాకపోకలు ప్రారంభమయ్యాయి. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు మాత్రమే, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్ద లైను వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఈ తేడా వల్లనే జనం దీనిని చిన్న రైలు అన్నారు. సర్కారు కాగితాలలో ఉన్న పర్లాకిమిడి లైట్ రైల్వే అన్న పేరు కచేరీలకే పరిమితమైంది.

తొలి పదేళ్లు ఈ రైలు రాజుగారికి నష్టమే మిగిల్చింది. 1910 తరువాత కొద్దిపాటి లాభం కనిపించింది. 1924–25 తరువాత అది పెరిగింది. ఆ ధైర్యంతోనే అప్పటి మహారాజు కృష్ణచంద్ర గజపతి మార్గాన్ని వంశధార లోయ వెంట పైకి పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగిలినది పూర్తయి రైలు గుణుపురం చేరింది. మొత్తం దూరం 90 కిలోమీటర్లయింది. గుణుపురం అప్పటికి విశాఖపట్నం ఏజెన్సీలోని జయపురం సంస్థానపు తాలూకా. చుట్టూ సవరల కొండలు. రామమూర్తి పంతులుగారి సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం ముద్రించినది కూడా 1931లోనే. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఉన్నదని మేము అనడం లేదు. పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిననాటికి అక్కడ రైలన్నదే లేదు. యాభై ఏళ్ల తరువాత ఆయన గ్రంథమూ, రాజుగారి రైలూ ఒకే సంవత్సరంలో సవర దేశపు వాకిలికి చేరాయన్నది మాత్రం జ్ఞాపకం ఉంచుకోదగిన సంగతి.

ఇక 1936 ఏప్రిల్ 1. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్టణమూ, సంస్థానంలో కొంత భాగమూ అటు పోయాయి. మిగిలిన భాగం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. ఇందుకు నిరసనగా పంతులుగారు తాము యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఒరిస్సా రాష్ట్రం కోసం పాటుపడిన కృష్ణచంద్ర గజపతి 1937లో దానికి తొలి ప్రధానమంత్రి అయ్యారు. రైలును గుణుపురం దాకా నడిపించినదీ ఆయనే, ఆ రైలు దారికి అడ్డంగా సరిహద్దు రావడానికి కారకులలో ఒకరూ ఆయనే. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం ఇటువైపు మిగిలాయి. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం అటువైపు చేరాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్ల దూరమూ, మహేంద్రతనయ నదీ మాత్రమే. రైలుకు మాత్రం ఈ సరిహద్దు పట్టలేదు. పొద్దున్న టెక్కలిలో ఎక్కినవాడు రాష్ట్రం మారినట్లు తెలియకుండానే పర్లాకిమిడిలో దిగేవాడు.

మరి ఈ మార్గం ఫొటోలు ఎవరు తీశారు? అధిక భాగం తీసినవారు బయటివారే. ఆవిరి ఇంజన్లు ప్రపంచమంతటా కనుమరుగవుతున్న కాలంలో, అవి ఇంకా నడుస్తున్న మన దేశానికి పాశ్చాత్య దేశాల రైలు అభిమానులు కెమెరాలతో వచ్చారు. వారి శ్రద్ధ గొప్పది. ఇంజను తరగతి, నంబరు, చక్రాల అమరిక, తయారు చేసిన కంపెనీ, ఫొటో తీసిన తేదీ – ఇవన్నీ ఓపికగా రాసుకున్నారు. ఈ లైను ఇంజన్ల మీద ఉండే పి.ఎల్. అన్న రెండక్షరాలు వారి జాబితాలలో పదిలంగా ఉన్నాయి. అందుకు మనం వారికి ఋణపడి ఉన్నాము. కాని ఇంజను పక్కన నిలబడ్డ ఫైరుమన్ పేరు వారు అడగలేదు. అడిగినా వారికి భాష రాదు. వంతెన మీద రైలు ఉంటే వంతెన పొడవు రాసినవారు, వంతెన కింద బట్టలు ఉతుకుతున్నవారు ఏ ఊరివారో రాయలేదు. అది వారి పని కాదు, మన పని. మనం చేయలేదు.

తేదీ లేని ఫొటో చేతికి వచ్చినప్పుడు కాలాన్ని పట్టుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. ఇంజను మొదటి సాక్షి. ఈ లైనులో ఆవిరి ఇంజన్ల స్థానాన్ని డీజిల్ ఇంజన్లు ఆక్రమించినది 1990లలో. కాబట్టి డీజిల్ ఇంజను ముందున్న చిన్న రైలు ఫొటో దాని చివరి దశకు చెందినదని వెంటనే చెప్పవచ్చు. రెండవ సాక్షి పట్టాలే. 2004 జూన్‌లో చిన్న రైలు ఆగిపోయింది. ఆ తరువాత పెద్ద గేజి పడి, 2011 నాటికి గుణుపురం వరకు రైళ్లు మళ్లీ నడిచాయి. ఈ రెంటి మధ్య సంవత్సరాలలో తీసిన బొమ్మలలో పట్టాలు పీకేసిన కట్ట, పక్కన కుప్పగా పడి ఉన్న స్లీపర్లు, కొత్త కంకర కనిపిస్తాయి. అటువంటి ఫొటోలు ఎవరూ పెద్దగా దాచరు, అందంగా ఉండవు కనుక. మా దృష్టిలో అవి మిగిలిన వాటికన్న అరుదైనవి.

మూడవ సాక్షి ఫొటో వెనుక రాత. ఇక్కడే చరిత్ర తెలిసినవారి అవసరం ఎక్కువ. టెక్కలి పేరు పక్కన గంజాం జిల్లా అని ఉంటే ఆ రాత సామాన్యంగా 1936కు ముందుది. విశాఖపట్నం జిల్లా అని ఉంటే 1936కూ 1950కీ మధ్యది. శ్రీకాకుళం జిల్లా అని ఉంటే 1950 ఆగస్టు 15 తరువాతది. పర్లాకిమిడి విషయంలో గంజాం జిల్లా అన్నది 1992 అక్టోబరు వరకు చెల్లుతుంది. అప్పుడు గజపతి జిల్లా ఏర్పడింది. అదే రోజున రాయగడ జిల్లా కూడా ఏర్పడటంతో గుణుపురం కోరాపుట్ జిల్లా నుండి అందులోకి మారింది. ఊరి పేరు రాసిన తీరు కూడా సాక్ష్యమే. పాత ఆంగ్ల కాగితాలలో మన ఉచ్చారణకు దగ్గరగా పర్లాకిమిడి అని ఉంటే, తరువాతి వాటిలో ఒడియా రూపమైన పారలాఖెముండి కనిపిస్తుంది. అయితే పెద్దవాళ్లు అలవాటు కొద్దీ పాత జిల్లా పేరే రాస్తారు కనుక ఈ సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మరాదు.

స్టేషను బోర్డు నాలుగవది. స్వాతంత్ర్యం తరువాతి బోర్డుల మీద హిందీ, ఆంగ్లాలతో పాటు ఆ రాష్ట్రపు భాష ఉంటుంది. కనుక పాతపట్నం దాటగానే బోర్డు మీద తెలుగు పోయి ఒడియా వస్తుంది. బోర్డు మారినంత మాత్రాన బోర్డు కింద నిలబడ్డ మనుషుల భాష మారదు. పర్లాకిమిడి ప్లాట్‌ఫారం ఫొటోలో ఒడియా అక్షరాల కింద మూటలతో కూర్చున్నవారిలో ఎందరి ఇంటి భాష తెలుగో ఆ ఫొటో చెప్పదు. అడ్డపంచె, తలపాగా, చీర కట్టు చూసి ఊహించబోతే మోసపోతాము. కనుమల అంచున ఒడియా, తెలుగు, సవర కుటుంబాల వేషభాషలు అంతగా కలిసిపోయాయి. ఇక్కడ ఫొటో తన హద్దు తానే చూపుతుంది. ఆ పైన చెప్పవలసినది మనిషి.

ఆ మనుషుల ఇళ్లలోనే రెండవ తరహా ఫొటోలు ఉన్నాయి. పెళ్లి బృందం రైలు దిగుతుండగా తీసినవి, బదిలీపై పోతున్న గార్డుగారికి దండ వేసినప్పటివి, కొత్త కెమెరా కొన్న మేనమామ పిల్లలను ఇంజను ముందు నిలబెట్టి తీసినవి. వీటిలో రైలు వెనుక తెర మాత్రమే. రైలు అభిమానికి పనికిరాదు, ఇంజను సగమే కనిపిస్తుంది కనుక. అటువంటి ఒక ఫొటో గురించి ఇంజను నంబరు పోల్చుకోబోతుంటే ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి, "ఇంజనుదేటుంది బాబూ, ఆ పక్కన నిలబడ్డోరు మా అయ్య" అన్నారు. ఆయన గ్యాంగులో పనిచేశారట. వానాకాలంలో కట్ట కోసుకుపోతుందేమోనని రాత్రిళ్లు లాంతరు పట్టుకొని పట్టాల వెంట నడిచేవారట. ఫొటో వెనుక ఒక్క అక్షరం లేదు. ఆవిడ తరువాత అది ఎవరిదో తెలియని మనిషి పక్కన ఎవరికీ అక్కరలేని సగం ఇంజనుగా మిగులుతుంది.

కొండ రైళ్లలో పేరుపొందినవాటికి ఈ దుఃస్థితి లేదు. డార్జిలింగు రైలుకు 1999లో, నీలగిరి రైలుకు 2005లో, కాల్కా–సిమ్లా మార్గానికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అవి వేసవి విడిదులకు ఎక్కిన రైళ్లు. దొరలు ఎక్కారు, తరువాత విహారయాత్రికులు ఎక్కారు, ఫొటోలకు కొదువ లేదు. మన చిన్న రైలు కొండ ఎక్కలేదు, మహేంద్రగిరిని దూరం నుండి చూస్తూ లోయలో నడిచింది. ఎక్కినవారు రైతులు, సంతకు పోయేవారు, కోర్టు పనిమీద పోయేవారు. దానిని అట్లాగే నిలిపి ఉంచవలసిందని ఇప్పుడు కొందరు విచారిస్తున్నారు. మాకా విచారంతో ఏకీభావం లేదు. నౌపడలో దిగి బండి మారే అవస్థ, సరుకును ఒక వాగన్ నుండి మరొక వాగన్‌కు మోసే ఖర్చు భరించినవారు ఆ ఊళ్లవారు. వారికి పెద్ద గేజి కావలసి వచ్చింది, వచ్చింది, మంచిదే. రైలు మారినందుకు కాదు, దాని జ్ఞాపకం పేర్లు లేకుండా మిగులుతున్నందుకే మా విచారం.

అందుచేత ఈ ప్రాంతపు పాఠకులకు ఒక మనవి. ఇళ్లలో ఈ మార్గానికి చెందిన ఫొటో ఏది ఉన్నా, అసలును మీ వద్దే ఉంచుకొని నకలు తీయించండి. వెనుక మెత్తని పెన్సిలుతో రాయండి. సిరా ముందువైపుకు ఊరుతుంది. ఏ స్టేషను, ఇంచుమించుగా ఏ సంవత్సరం, ఎడమ నుండి కుడికి ఎవరెవరు, వారు రైల్వేలో పనిచేస్తే ఏ పని, ఇంట్లో మాట్లాడే భాష ఏది. పని పేరు పుస్తకాల మాటలో వద్దు, ఇంట్లో అనుకునే మాటలోనే ఉండాలి. చిన్న రైలు ఆగిననాడు ఇరవై ఏళ్ల వయసున్నవారు ఇప్పుడు నలభై దాటారు. ఆవిరి ఇంజను మీద పనిచేసినవారు అంతకు చాలా పెద్దవారు. పాతపట్నం, పర్లాకిమిడి రెండు చోట్లా అడగాలి. కుటుంబాలు ఏరు దాటి రెండువైపులా ఉన్నాయి కనుక, ఇక్కడి ఫొటోలోని మనిషిని గుర్తుపట్టగలవారు అక్కడ ఉండవచ్చు.