కారు సబ్ వూఫర్ పెట్టె

సబ్ వూఫర్ పెట్టె అనగా సుమారు 20 నుండి 100 హెర్ట్జ్ వరకు గల మంద్రధ్వనులను పలికించే పెద్ద స్పీకరును బిగించేందుకు చెక్కతో గాని, ఫైబరుతో గాని చేసిన గట్టి డబ్బా. ఆంధ్ర ప్రదేశ్‌లో వాడుకలో దీనిని బేస్ బాక్సు, వూఫర్ డబ్బా అని కూడా అంటారు. కారులో దీనిని సాధారణంగా వెనుక సామాను అరలో, అనగా డిక్కీలో అమరుస్తారు. స్పీకరు ఎంత ఖరీదైనదైనా దానికి తగిన కొలతల పెట్టె లేకపోతే ధ్వని పలుచబడుతుంది, లేదా ఒకే స్వరం వద్ద "బుం బుం" మని మోగుతుంది. అందువలన స్పీకరును కొనే ముందే పెట్టెను గురించి ఆలోచించడం మంచిది. ఆచరణలో మాత్రం దీనికి విరుద్ధంగానే జరుగుతూ ఉంటుంది.

పెట్టె ఎందుకు అవసరం

స్పీకరు శంకువు ముందుకు కదిలినపుడు దాని ముందు గాలి సంపీడనం చెందుతుంది, అదే క్షణంలో వెనుక గాలి విరళమవుతుంది. ఈ రెండు తరంగాలు పరస్పరం వ్యతిరేక దశలో ఉంటాయి. 40 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మీటర్లు. ఇంత పొడవైన తరంగం 30 సెంటీమీటర్ల స్పీకరు అంచును సులభంగా చుట్టి వెనుక తరంగంతో కలిసిపోతుంది. రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పెట్టెలో బిగించని సబ్ వూఫర్‌ను చేతిలో పట్టుకొని మోగిస్తే శంకువు విపరీతంగా కొట్టుకుంటుంది గాని శబ్దం దాదాపు వినబడదు. విద్యార్థులు ఏ పాత స్పీకరుతోనైనా దీనిని పరీక్షించి చూడవచ్చు. స్పీకరు కొలతకు రంధ్రం చేసిన పెద్ద అట్టముక్కను దాని ముందు ఉంచగానే మంద్రధ్వని పెరగడం స్పష్టంగా తెలుస్తుంది.

పెట్టె చేసే రెండవ పని, లోపలి గాలి స్ప్రింగు వలె పనిచేసి శంకువు కదలికను అదుపులో ఉంచడం. పెట్టె చిన్నదైతే ఈ స్ప్రింగు బిగువు పెరుగుతుంది, పెద్దదైతే సడలుతుంది.

వీణ కుండ, జముకు, వూఫర్ డబ్బా

ఉత్తరాంధ్ర పాఠకులకు అనునాదం కొత్త విషయం కాదు. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు. వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. వీణ కుండను పలుచగా తొలచడంలోని ఉద్దేశం తీగ కంపనానికి చెక్క కూడా కంపించి ధ్వనిని పెంచాలనే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జముకుల కథలో వాడే జముకు కూడా ఇటువంటిదే. ఒకవైపు తోలు మూసిన గుల్ల పాత్ర, తోలుకు కట్టిన తీగ కలిసి ఆ మంద్రనాదాన్ని ఇస్తాయి.

సబ్ వూఫర్ పెట్టె ధర్మం దీనికి సరిగ్గా వ్యతిరేకం. వీణ తానే స్వరాన్ని పుట్టించే వాద్యం, కనుక దాని చెక్కకు సొంత గొంతు ఉండాలి. వూఫర్ డబ్బా వేరొకచోట పుట్టిన సంగీతాన్ని తిరిగి వినిపించే సాధనం, కనుక దాని చెక్కకు సొంత గొంతు ఉండరాదు. పలకలు కంపిస్తే అవి అసలు పాటలో లేని ధ్వనిని కలుపుతాయి. "మంచి చెక్క బాగా మోగుతుంది" అనే నమ్మకంతో పలుచని చెక్కతో డబ్బాలు చేయించేవారు ఈ భేదాన్ని గమనించరు. లోపలి గాలికి మాత్రం రెంటిలోనూ పాత్ర ఉంది.

చరిత్ర

గుల్ల పాత్రలలోని గాలి అనునాదాన్ని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ గాలిరంధ్రం గల పెట్టెకు 1932లో పేటెంటు పొందాడు. 1954లో ఎడ్గార్ విల్చర్ పూర్తిగా మూసిన చిన్న పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడుకునే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అంతవరకు మంద్రధ్వనికి బీరువా అంత డబ్బా కావలసివచ్చేది. పెట్టె కొలతలను ముందుగానే లెక్క కట్టే విధానాన్ని ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో ప్రచురించాడు. 1970లలో రిచర్డ్ స్మాల్ దానిని విస్తరించాడు. నేడు స్పీకర్ల వెంట వచ్చే కాగితంలో కనిపించే అంకెలను వీరిద్దరి పేర్లతో థీల్-స్మాల్ పరామితులని అంటారు. 1974లో "ఎర్త్‌క్వేక్" చలనచిత్రానికి భూకంప ధ్వనుల కోసం సినిమాహాళ్ళలో పెద్ద వూఫర్లను అమర్చారు. సామాన్య ప్రేక్షకులకు సబ్ వూఫర్ పరిచయం కావడానికి ఇది ఒక కారణం.

పెట్టెలలో రకాలు

మూసిన పెట్టె: ఎక్కడా గాలి బయటకు పోని డబ్బా. కట్టడం సులభం, కొలతలో చిన్న పొరపాటు జరిగినా పెద్దగా చెడదు. ఇందులో అనునాద పౌనఃపున్యానికి దిగువన ధ్వని స్థాయి ప్రతి అష్టకానికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అయితే కారు లోపలి గది చిన్నది కావడం వలన, దాని పొడవుకు రెట్టింపు తరంగదైర్ఘ్యం కంటే దిగువ స్వరాలకు గది మొత్తం ఒకే పీడనపాత్రగా మారుతుంది. 2.5 మీటర్ల గదిలో ఇది సుమారు 70 హెర్ట్జ్ దిగువన మొదలవుతుంది. సిద్ధాంత రీత్యా ఈ పెరుగుదల కూడా ప్రతి అష్టకానికి 12 డెసిబెల్సే. తలుపుల సందులు, రేకు కంపనం వలన వాస్తవంలో కొంత తక్కువే లభించినా పెట్టె లోటును చాలావరకు కారే పూరిస్తుంది. ఇంట్లో బలహీనంగా వినిపించే మూసిన పెట్టె కారులో నిండుగా వినిపించడానికి కారణం ఇదే.

గాలిగొట్టం పెట్టె: ఇందులో ఒక గొట్టం ద్వారా లోపలి గాలి బయటకు పలుకుతుంది. అదే విద్యుత్తుకు ఎక్కువ ధ్వని వస్తుంది. కాని కొలతలు కచ్చితంగా ఉండాలి, పెట్టె కూడా పెద్దదవుతుంది. గొట్టపు శ్రుతికి దిగువన శంకువుకు గాలి ఆసరా తొలగిపోయి అది హద్దు మీరి కదులుతుంది. అందువలన ఆంప్లిఫయరులో సబ్‌సోనిక్ ఫిల్టరు ఉండటం అవసరం. బజారులో "బేస్ ట్యూబ్" పేరుతో అమ్మే గుండ్రని డబ్బాలలో అధిక భాగం ఈ కోవకు చెందినవే.

బ్యాండ్‌పాస్ పెట్టెలో రెండు గదులుంటాయి. ఇది ఒక పరిధిలో బిగ్గరగా పలుకుతుంది. లెక్క కఠినం, తొలిసారి కట్టేవారికి తగదు.

సీటు కింద అమరే చదును సబ్ వూఫర్లలో ఆంప్లిఫయరు కూడా లోపలే ఉంటుంది. డిక్కీలో సి.ఎన్.జి. సిలిండరు ఉన్న టాక్సీలకు, చిన్న కార్లకు ఇదే అనుకూలం. ఆల్టో 800 డిక్కీ మొత్తం ఘనపరిమాణం 177 లీటర్లు. గాలిగొట్టం పెట్టె పెడితే పెళ్ళిప్రయాణంలో ఒక పెట్టె, ఒక బియ్యం బస్తా కూడా పట్టవు.

ఘనపరిమాణం లెక్క

స్పీకరుకు సంబంధించి మూడు అంకెలు ముఖ్యం. స్పీకరు సహజ పౌనఃపున్యాన్ని ఎఫ్ఎస్ అని, అదుపు గుణకాన్ని క్యూటీఎస్ అని, శంకువు బిగువుకు సమానమైన గాలి పరిమాణాన్ని వీఏఎస్ అని సూచిస్తారు. పెట్టెలో బిగించిన తరువాత ఏర్పడే గుణకం క్యూటీసీ. ఇది 0.707 అయితే ధ్వని సమంగా ఉంటుంది. 1 దాటితే ఒక్క స్వరం ఉబికి వినిపిస్తుంది.

మూసిన పెట్టె ఘనపరిమాణం = వీఏఎస్ ÷ [(క్యూటీసీ ÷ క్యూటీఎస్)² − 1]

ఉదాహరణకు 12 అంగుళాల స్పీకరుకు ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 60 లీటర్లు అనుకుందాం. 0.707ను 0.45తో భాగిస్తే 1.571, దాని వర్గం 2.47, ఒకటి తీసివేస్తే 1.47. 60ని 1.47తో భాగిస్తే సుమారు 41 లీటర్లు. పెట్టెలో అనునాదం 30 × 1.571, అనగా 47 హెర్ట్జ్ వద్ద ఏర్పడుతుంది. స్పీకరు అయస్కాంతం, లోపలి ఆసరా కర్రలు ఆక్రమించే చోటుకు మరో 4 లీటర్లు కలిపితే 45 లీటర్లు కావాలి.

లోపలి కొలతలు 44 × 34 × 30 సెంటీమీటర్లు తీసుకుంటే దాదాపు ఈ పరిమాణం వస్తుంది. 18 మిల్లీమీటర్ల పలకతో చేస్తే బయటి కొలతలు 47.6 × 37.6 × 33.6 సెంటీమీటర్లు. కోయవలసిన ముక్కలు: పైన, కింద 47.6 × 33.6, ముందు, వెనుక 47.6 × 34, పక్కలకు 30 × 34, ఒక్కొక్కటి రెండేసి. బయటి కొలతలతో గుణిస్తే 60 లీటర్లు వస్తుంది. పలక మందాన్ని మరచి వడ్రంగికి బయటి కొలతలే చెప్పడం వలన నాలుగో వంతు గది పోతుంది. చేయించిన డబ్బాలలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

గాలిగొట్టం పొడవుకు హెల్మ్‌హోల్ట్జ్ సూత్రమే ఆధారం. నికరంగా 55 లీటర్ల పెట్టెను 10 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టంతో 35 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే సమర్థ పొడవు 35 సెంటీమీటర్లు కావాలి. గొట్టం రెండు చివరలా గాలి కొంత దూరం గొట్టంలో భాగంగానే కదులుతుంది కనుక సుమారు 7 సెంటీమీటర్లు తగ్గించి 28 సెంటీమీటర్లకు కోయాలి. లోపలి చివరకు, ఎదుటి గోడకు మధ్య కనీసం గొట్టపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. చోటు చాలదని సన్నని గొట్టం వేస్తే గాలి బుస కొడుతుంది.

చెక్క, తయారీ

ఇతర దేశాల పుస్తకాలలో ఎక్కువగా ఎం.డి.ఎఫ్. పలకను సూచిస్తారు. బరువుగా, ఏకరీతిగా ఉండటం దీని గుణం. కాని ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు తీరం వెంబడి గాలిలో తేమ ఎక్కువ. తుఫానుల కాలంలో డిక్కీలోకి నీరు చేరడమూ ఉంది. తడిసిన ఎం.డి.ఎఫ్. అంచులు ఉబ్బి అతుకులు విడిపోతాయి, మళ్ళీ పూర్వస్థితికి రావు. కాబట్టి ఈ ప్రాంతానికి 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ మేలు. దీనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710. ధర ఎక్కువే, కాని పై కొలతల పెట్టెకు పెద్ద పలకలో మూడో వంతు కూడా అవసరం ఉండదు. ఎం.డి.ఎఫ్. వాడక తప్పకపోతే కోసిన అంచులన్నింటికీ లోపల, బయట వార్నిష్ పట్టించాలి.

అతుకులకు జిగురు, స్క్రూలు రెండూ వాడాలి. మేకులు కంపనానికి వదులవుతాయి. లోపలి మూలలకు సిలికాన్ పూసి, అది పూర్తిగా ఆరి పులుపు వాసన పోయిన తరువాతే స్పీకరు బిగించాలి. ఆ ఆవిరి లోహభాగాలకు హాని చేస్తుంది. పెద్ద పలకల మధ్య ఒక అడ్డుకర్ర వేస్తే కంపనం బాగా తగ్గుతుంది. గది కొద్దిగా చిన్నదైతే లోపల పాలియెస్టర్ దూది నింపి కొంత సరిచేయవచ్చు. పత్తి, బూరుగు దూది తేమను పీల్చుకుంటాయి గనుక వాడరాదు.

మూసిన పెట్టె పూర్తయ్యాక శంకువును రెండు చేతులతో మెల్లగా నొక్కి వదలాలి. నింపాదిగా పైకి వస్తే పెట్టె బిగుతుగా ఉన్నట్లు, ఠక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నట్లు. సిద్ధంగా దొరికే డబ్బాను కొనేటపుడు దాని లోపలి లీటర్లు అడగాలి, ప్రతి పలకను వేలికణుపుతో తట్టి చూడాలి. మద్దెలలా మోగేదానికంటే మొద్దుగా పలికేది మంచిది. పైన అంటించిన తివాచీ ఎంత అందంగా ఉందన్నది చివరి విషయం.

భద్రత

పైన చెప్పిన పెట్టె చెక్క 10 కిలోలు, స్పీకరు 6 కిలోలు కలిపి 16 కిలోలు తూగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకొని ఆగితే కట్టని పెట్టె అదే వేగంతో ముందుకు పోతుంది. దాని శక్తి దాదాపు 10 మీటర్ల ఎత్తు, అనగా మూడంతస్తుల మేడ మీదనుండి పడిన పెట్టెకున్న శక్తితో సమానం. వెనుక సీటు వీపు పలుచగా ఉండే హ్యాచ్‌బ్యాక్ కార్లలో ఆ సీటులో సాధారణంగా కూర్చునేది పిల్లలు. పెట్టెను ఇనుప కోణాలతో, బోల్టులతో కారు నేలకు బిగించడం తప్పనిసరి. బోల్టు రంధ్రం వేసే ముందు అడుగున ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు లేవని చూడాలి. ఎలాస్టిక్ తాళ్ళు దీనికి చాలవు.

రెండవది విద్యుత్తు. 500 వాట్ల ఆంప్లిఫయరు 80 శాతం సామర్థ్యంతో పనిచేసినా బ్యాటరీ నుండి 45 ఆంపియర్లు లాగుతుంది. సన్నని తీగ వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదముంది. మందమైన రాగి తీగ, బ్యాటరీకి అర మీటరు లోపల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఆంప్లిఫయరు వద్ద ఉంటే మధ్యలో తీగ ఒరిసిపోయినపుడు అది కాపాడలేదు.

మూడవది చెవులు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్‌ను 15 నిమిషాలు మాత్రమే వినవచ్చు. సాధారణ మీటర్లు వాడే 'ఏ' కొలమానం 40 హెర్ట్జ్ ధ్వనిని సుమారు 35 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. కాబట్టి మీటరు చూపే అంకెను బట్టి మంద్రధ్వని తక్కువగా ఉందని భావించరాదు. వెనుకనుండి వచ్చే అంబులెన్సు సైరను వినబడకపోవడం అంతకంటే తక్షణ ప్రమాదం.

భారతదేశంలో శబ్ద కాలుష్య నియమావళి, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ నిశ్శబ్ద మండలంలో ఇది 50, 40. రాత్రి అంటే 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు.

నిర్వహణ

జాతీయ రహదారి 16 మీద కంటే ఊళ్ళలోని వేగనిరోధకాల మీదనే పెట్టె బిగింపులు వదులవుతాయి. స్పీకరు స్క్రూలను కొత్తలో నెల తరువాత ఒకసారి, ఆపై వర్షాకాలం ముగిశాక ఏటా బిగించాలి. తీర గ్రామాలలో ఉప్పుగాలికి తీగ చివరలు పచ్చబారుతాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది తిరిగి బిగించే ముందు బ్యాటరీ రుణ ధ్రువాన్ని విడదీయాలి. మోత మొదలైనపుడు వెంటనే డబ్బాను విప్పనవసరం లేదు. చాలాసార్లు అది డిక్కీ మూతకు బిగించిన నంబరు పలకదే. పలక వెనుక చిన్న రబ్బరు ముక్క అంటిస్తే పోతుంది.