కోటలో ఎంతమందో ఉప్పు చెప్పింది



పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది. పిల్ల "నేను డిగ్రీలో లెక్కలు తీసుకుంటాను" అనగానే "లెక్కలు చదివి ఏం చేస్తావమ్మా, టీచరు ఉద్యోగమా?" అంటాం. టీచరు ఉద్యోగం తక్కువేమీ కాదు. కానీ ఆ ప్రశ్నకు ఇంకా పెద్ద జవాబు ఉంది. అది మన తుంగభద్ర ఒడ్డు ప్రాంతంలోనే పుట్టిన ఒక తెలుగువారి జీవితంలో దొరుకుతుంది.

ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. లోకానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రిగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీలతో పాటే పిల్లల చదువూ ఊళ్లు మారుతూ విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. తన పుస్తకాన్ని ఆవిడకే అంకితమిస్తూ ఆయన ఈ సంగతి రాసుకున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే ఫస్టు క్లాసులో పాసయ్యారు. అయినా ఉద్యోగం లేదు. అది రెండో ప్రపంచ యుద్ధకాలం. సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే కలకత్తా వెళ్లారు గానీ, ఆ ఉద్యోగం దక్కలేదు. అక్కడే ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. 1941 జనవరి 1న శిక్షణకు చేరారు. అప్పటికి వయసు ఇరవై.

ఆ సంస్థలో లెక్కలు నల్లబల్ల మీద ఆగిపోయేవి కావు. జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారు, పంట ఎంత వస్తుంది, మనిషి రోజుకు ఏం తింటాడు, ఇలాంటివే అక్కడి ప్రశ్నలు. దానికి మంచి ఉదాహరణ రావు గారు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో చెప్పారు.

1947లో దేశవిభజన అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో వేలమంది తలదాచుకున్నారు. వాళ్లకు భోజనం పెట్టే బాధ్యత ప్రభుత్వానిది, సరుకులు తెచ్చేది కాంట్రాక్టర్లు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. బిల్లులు మాత్రం పెరిగిపోతున్నాయి. లోపలికి వెళ్లకుండా జనాన్ని లెక్కపెట్టమని గణాంకశాస్త్రం తెలిసినవాళ్లను అడిగారు.

ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జె.ఎం. సేన్‌గుప్తా గారు దారి చూపారు. రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తెచ్చామన్నారో బిల్లుల్లో ఉంది. మనిషికి సగటున ఏది ఎంత కావాలో సర్వేల వల్ల తెలుసు. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే జనసంఖ్య వస్తుంది. బిల్లులు నిజమైతే మూడు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉండాలి. కానీ బియ్యం ప్రకారం జనం చాలా ఎక్కువ తేలారు, ఉప్పు ప్రకారం తక్కువ తేలారు. బియ్యం ఖరీదైన సరుకు, ఎక్కువ రాస్తే లాభం. చవకైన ఉప్పులో దొంగలెక్క రాసి ఏం మిగులుతుంది? కాబట్టి ఉప్పు లెక్కనే నమ్మారు. జనం తక్కువగా ఉన్న హుమాయూన్ సమాధి శిబిరంలో ఇదే పద్ధతి వేసి చూస్తే లెక్క కుదిరింది. పెళ్లిలో లేచిన విస్తళ్లను బట్టి ఎందరు తిన్నారో చెప్పే మన పెద్దల తెలివి లాంటిదే ఇది.

రావు గారి సొంత పని ఇంకా లోతైనది. చేతిలో ఉన్న కొద్దిపాటి కొలతలతో నిజానికి ఎంత దగ్గరగా వెళ్లగలం, ఎక్కడ ఆగిపోతాం అన్నది ఆయన తేల్చారు. ఒకరోజు క్లాసులో వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి "కొలతలు కొన్నే ఉంటే ఈ సూత్రం పనిచేస్తుందా?" అని అడిగాడు. ఆ రాత్రే కూర్చుని జవాబు తేల్చారు. 1945లో అచ్చయిన ఆ వ్యాసానికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మన పంట బీమా నడిచేది ఈ శాస్త్రం మీదే. పంచాయతీలో ఎవరి పొలం, అందులో ఏ మూల అన్నది లాటరీలాగా ఎంచుతారు. వరిలో సాధారణంగా అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు మడి కోసి, గింజలు తూకం వేస్తారు. ఆ పంచాయతీ మొత్తానికి పరిహారం వస్తుందా రాదా అన్నది తేల్చడంలో ఇలాంటి తూకాలదే పెద్ద పాత్ర.

ఆ మడి 25 చదరపు మీటర్లు. ఎకరంలో అలాంటివి దాదాపు 160. మడిలో అరకిలో ఎక్కువ తూగితే ఎకరానికి 80 కిలోలు, అంటే ఒక బస్తాకు పైగా ఎక్కువ పండినట్టు కాగితం మీద పడుతుంది. గట్టు దగ్గర ఏపుగా ఉన్న చోటే కోస్తే? తాడు అంచు మీద ఉన్న దుబ్బులన్నీ లోపలికి కలిపేస్తే? ఈ అంచు సమస్య మీద మహలనోబిస్ గారికీ పి.వి. సుఖాత్మే గారికీ పెద్ద వాదమే నడిచింది. మడి ఎంత చిన్నదైతే అంచు వాటా అంత ఎక్కువ, తప్పూ అంత ఎక్కువ అన్నది సుఖాత్మే గారి వాదన. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది నష్టపోయిన రైతే.

కాబట్టి పిల్ల లెక్కలు చదువుతానంటే చదవనివ్వండి. ఈసారి మడి కోతకు అధికారులు వచ్చినప్పుడు తాడు పట్టుకోవడానికి ఆ పిల్లను కూడా పొలానికి తీసుకెళ్లండి. లెక్కలు చదివి ఏం చేస్తావన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది.